మెయిలింగ్ లిస్టుకు ఫిల్టర్ పెట్టేటప్పుడు సబ్జెక్ట్‌ను నమ్మకండి

మెయిలింగ్ లిస్టులో, అంటే ఒక్క అడ్రసుకు రాస్తే సభ్యులందరికీ చేరే మెయిల్ చర్చా బృందంలో, చేరగానే చాలామంది చేసే పని, సబ్జెక్ట్‌లో లిస్టు పేరు కనిపిస్తే ఫలానా ఫోల్డర్‌లో వెయ్యమని ఫిల్టర్ పెట్టడం. దయచేసి అలా పెట్టకండి.

ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేసేటప్పుడు అట్టపెట్టె మీద మనం స్కెచ్ పెన్‌తో పేరు, ఊరు రాస్తాం. కౌంటర్‌లో వాళ్లు తమ లేబుల్ అంటిస్తారు. సబ్జెక్ట్, టు, సీసీ అన్నీ పంపినవాళ్ల స్కెచ్ పెన్ రాత. లిస్టు సర్వర్ అంటించే లేబుల్ వేరే ఉంది. అదే లిస్ట్-ఐడీ హెడర్, అంటే మెయిల్‌తో పాటు కనిపించకుండా వచ్చే వివరాల్లో ఒక లైన్. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 2919 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం దాన్ని నిర్దేశించింది.

సబ్జెక్ట్‌లో బ్రాకెట్ల మధ్య పేరు కూడా సర్వరే పెడుతుంది కదా అంటారా? పెడుతుంది. కానీ ఎవరు రిప్లై ఇచ్చినా ఆ పేరు వెంటే పోతుంది. పాత అట్టపెట్టె మళ్లీ వాడితే పాత ఊరి పేరు దాని మీదే ఉన్నట్టు. మీ ప్రశ్న చూసి ఎవరో మీ ఒక్కరికే జవాబు రాస్తారు. ఆ మెయిల్ కూడా లిస్టు ఫోల్డర్‌లోకే పోయి, చర్చల కింద మునిగిపోతుంది. ఓపిగ్గా రాసిన మనిషికి మనం పలకనే పలకం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. లేబుల్‌ని బట్టి వేరుచేస్తే ఆ జవాబు ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది, ఎందుకంటే అది కౌంటర్ మీదుగా రాలేదు, నేరుగా మీ ఇంటికొచ్చింది.

పైగా లినక్స్ కెర్నల్ లిస్టు లాంటివి సబ్జెక్ట్‌ను అసలు ముట్టుకోవు. ముట్టుకుంటే పంపినవాళ్ల డీకిమ్ సంతకం (మెయిల్ దారిలో మారలేదని చూపే డిజిటల్ గుర్తు) చెల్లకుండా పోవచ్చు.

టు, సీసీలను బట్టి పెడితే? ఒకే మెయిల్ రెండు లిస్టులకు పంపితే రెండు అడ్రసులూ అందులో ఉంటాయి. ఏ కాపీ ఎటు నుంచి వచ్చిందో తేలదు. లేబుల్ మీద మాత్రం దాన్ని పంపిన లిస్టు పేరే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్‌లో లిస్ట్-ఐడీ లైన్ వెతకండి. కోణపు బ్రాకెట్ల మధ్య ఉన్నదే కాపీ చెయ్యండి. ముందుండే వివరణ ఎప్పుడైనా మారొచ్చు. సెర్చ్‌లో లిస్ట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, దాన్ని అతికించి ఫిల్టర్ చేసుకోండి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో అయితే ఫిల్టర్ పెట్టేచోట కస్టమైజ్‌లోకి వెళ్లి ఆ హెడర్ పేరు చేర్చాలి. సీవ్ (మెయిల్ ఫిల్టర్లు రాసే భాష) వాడేవాళ్లకు ఒక్క హెడర్ టెస్ట్ చాలు.

ఒకవేళ ఫోల్డర్‌లో చర్చ మధ్య మెయిల్ తగ్గినట్టనిపిస్తే, లిస్టులు నడిపే మెయిల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్‌లో డూప్లికేట్ కాపీలు ఆపే సెట్టింగ్ చూడండి. టు, సీసీలలో మీ అడ్రసు ఉంటే అది లిస్టు కాపీ పంపదు. నేరుగా వచ్చిన కాపీకి లేబుల్ ఉండదు కాబట్టి ఇన్‌బాక్స్‌లో వెతకండి.