మూడు విజిల్స్ అని ఎవరు చెప్పారండీ?

[తెర నల్లగా ఉంటుంది. కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. ఒకటి. రెండు. మూడు.]

విన్నారుగా. ఇప్పుడు బుస్సుమని పోయిన ఆవిరి ఉంది చూశారూ, అది మనం డబ్బు పెట్టి కొన్నది. సిలిండర్ బుక్ చేసి, నాలుగు రోజులు ఎదురుచూసి తెప్పించుకున్నది.

ఇంటి ఖర్చు తగ్గించే చిట్కాలు మీకు బోలెడు తెలుసు. రైతుబజార్, సరుకుల లిస్టు, ఆఫర్ల మోసాలు, అవేవీ నేను ఎత్తను. నాకు ఒళ్లు మండేది ఒక్కటే. టమాటా కిలోకు 5 రూపాయలు తక్కువని రెండు వీధులు అవతలికి నడిచి వెళ్తాం. ఇంటికొచ్చి అదే టమాటాతో చారు పెడతాం. చారు కుతకుతా మరుగుతుంటే మంట ఇంకాస్త పెంచుతాం. ఎందుకయ్యా అంటే, "తొందరగా ఉడకాలి కదా."

ఉడకదు. పెంచిన మంటకు ఒక్క నిమిషం కూడా ముందు ఉడకదు.

[బాత్రూమ్. నల్లా కింద ఎర్ర బకెట్. నీళ్లు అంచు దాటుతున్నాయి.]

ఈ బకెట్ నిండిపోయింది. ఇప్పుడు నల్లా ఇంకా తిప్పుతున్నాను. బకెట్‌లో నీళ్లేమైనా పెరిగాయా? లేదు, నా కాళ్లు తడిశాయి. మరుగుతున్న నీళ్లు అచ్చంగా ఈ నిండిన బకెట్టే. దాని అంచు 100 డిగ్రీలు. (హైదరాబాద్ కాస్త ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 98 దగ్గరే మరుగుతాయి. కామెంట్లలో పట్టుకుంటారని ముందే చెప్పేస్తున్నా.) మంట ఎంత పెంచినా నీళ్ల వేడి ఆ అంచు దాటదు. పెంచిన వేడంతా ఆవిరైపోతుంది. దుంపకు తెలిసేది తన చుట్టూ ఉన్న నీళ్ల వేడే గానీ కింద మంట ఎంతుందో దానికి తెలియదు.

[రెండు గిన్నెలు పక్కపక్కన]

రెండింట్లోనూ లీటరు నీళ్లు, నాలుగేసి చిన్న బంగాళాదుంపలు. మరగడం మొదలయ్యాక ఎడమవైపు పెద్ద మంట, మూత లేదు. కుడివైపు సిమ్, పైన మూత. 15 నిమిషాలైంది. చాకు గుచ్చుతున్నా. ఇదీ దిగింది, అదీ దిగింది. నీళ్లు చూడండి. ఎడమ గిన్నెలో సగానికి సగం లేవు. కుడి గిన్నెలో కొద్దిగా తగ్గాయంతే.

ఆ సగం లీటరు ఎంత ఖరీదో చూద్దాం. మామూలు వేడిలో ఉన్న లీటరు నీళ్లను మరిగే దాకా తేవడానికి పట్టే వేడి కంటే, మరిగిన ఆ లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి ఏడు రెట్లకు పైగా ఎక్కువ పడుతుంది. అంటే బకెట్ నింపడం చవక, పొర్లించడం ఖరీదు. మంచి స్టవ్ మీద లెక్క కట్టినా ఒక గ్లాసు నీళ్లు ఊరికే ఆవిరైతే సుమారు 15 గ్రాముల గ్యాస్ పోయినట్టు. ఇంతేనా అనుకోకండి. చారు దగ్గర ఒక గ్లాసు, అన్నం ఎసరు దగ్గర ఒకటి, దుంపలో గుడ్లో ఉడికించేటప్పుడు ఇంకొకటి. రోజుకు మూడు గ్లాసులు. సిలిండర్ 40 రోజులు వచ్చే ఇంట్లో అది 1.8 కిలోలు. ఇంటి సిలిండర్‌లో ఉండేదే 14.2 కిలోలు. ఎనిమిదో వంతు కిటికీలోంచి వెళ్లిపోయింది.

అలాగని మొదటి నుంచీ సిమ్‌లో పెట్టకండి. అది ఇంకో పిసినారి పొరపాటు. బకెట్ నిండే దాకా నల్లా బాగానే తిప్పాలి, నిండాక కారినంత మేరకు సన్నగా వదిలితే చాలు. మూత పెట్టకపోవడం అంటారా, అది బకెట్‌కు పక్కన చిల్లు. నిండడానికే ఆలస్యమవుతుంది.

ఇది నీళ్లలో ఉడికే వాటి సంగతి. వేపుడుకు వర్తించదు, నూనె 100 దగ్గర ఆగదు. పులుసు దగ్గరపడాలంటే నీళ్లు పోవాల్సిందే కాబట్టి అక్కడ మంట పెంచుకోండి, ఎవరూ కాదనరు. ఉప్పు వేస్తే ఎసరు త్వరగా మరుగుతుందని ఒకాయన నాతో అరగంట వాదించాడు. ఉప్పు వల్ల మరిగే వేడి పెరుగుతుంది, అదీ వెంట్రుకవాసి. వదిలేయండి.

ఇప్పుడు కుక్కర్.

కుక్కర్ ఏం చేస్తుంది? బకెట్ అంచునే ఎత్తు చేస్తుంది. ఆవిరిని బయటకు పోనివ్వదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి, నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. పప్పు త్వరగా ఉడికేది అందుకే. మరి విజిల్ అంటే? ఎత్తు చేసిన ఆ అంచు దాటి కూడా పొర్లడం! 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచ్ ఆయన ఎముకలు మెత్తబడేలా ఉడికించడానికి ఇలాంటి గిన్నె చేశాడు. అది పేలకుండా, ఒత్తిడి ఎక్కువైతే పైకి లేచే బరువున్న వాల్వు పెట్టాడు. మన విజిల్‌కు అదే తాత. పేలకుండా కాపాడడం దాని పని. దాన్ని మనం గడియారం చేసుకున్నాం.

అది గడియారంగా పనికిరాదు కూడా. పెద్ద బర్నర్ మీద మూడు విజిల్స్ చకచకా వచ్చేస్తాయి, చిన్న బర్నర్ మీద అవే మూడింటికి ఎదురుచూస్తూ కూర్చోవాలి. అందుకే అదే కంది పప్పు ఒకరోజు పలుకు, ఒకరోజు గంజి. ఈ మాట మా అమ్మతో అంటే, "విజిల్ రాకపోతే ఉడికిందని ఎలా తెలుస్తుందిరా?" అంది. గడియారం చూడమన్నాను. వంటింట్లో గడియారం లేదంది. నిజమే, లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. పప్పు అరగంట ముందే నానబెట్టండి. మొదటి విజిల్ రాగానే సిమ్, ఆరేడు నిమిషాలకు కట్టేయండి, ఒత్తిడి దానంతటదే దిగనివ్వండి, ఆ వేడికి లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. బలవంతంగా మూత లాగొద్దు. పప్పు అయితే కుక్కర్‌లో సగానికి మించి నింపొద్దు. పక్కలనుంచి ఆవిరి కారుతుంటే రబ్బరు మార్చండి, బకెట్‌కు చిల్లు అన్నానే, అదే. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకొద్దు. మంట పసుపు రంగులో వస్తుంటే బర్నర్ శుభ్రం చేయించండి. పప్పూ అన్నమూ ఒకే కుక్కర్‌లో గిన్నె మీద గిన్నె పెట్టుకోవచ్చు, దాని మీద వేరే వీడియో చేస్తా.

[కుక్కర్ మూత తెరుచుకుంటుంది. గరిటెలో పప్పు.]

ఒక్క విజిల్ పప్పు ఇదిగో. వేళ్ల మధ్య పెట్టి నొక్కుతున్నా, వెన్నలా నలిగింది. అమ్మా, ఒకసారి నువ్వు చూడు.

[అమ్మ పప్పు గింజ నొక్కి చూస్తుంది. ఇంకోటి నొక్కుతుంది.]

"బాగానే ఉంది. ఇంకో రెండు విజిల్స్ రానివ్వాల్సింది."