పందికొక్కు పంది కాదు, పునుగుపిల్లి పిల్లి కాదు: క్షీరదాల చుట్టరికాలు

[తెర మీద: గాదె కింద బొరియ, చుట్టూ చెల్లాచెదురుగా వడ్లు]

ఎవరైనా ఊరి సొమ్ము తినేస్తే "పందికొక్కుల్లా మెక్కేశారు" అంటాం కదా, ఈరోజు ఆ పందికొక్కుతోనే మొదలుపెడదాం. పేరులో పంది ఉంది, జంతువేమో ఎలుక జాతి. ఈ తెలుగు మాటే ఇంగ్లీషులోకి వెళ్లి 'బాండికూట్' అయింది. అక్కడితో ఆగిందా? ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వే ఒక జంతువును చూసి, దానికీ అదే పేరు తగిలించారు. అది పంది కాదు సరే, ఎలుక కూడా కాదు. పిల్లను సంచిలో పెంచే రకం, కంగారూకి చుట్టం!

పేరు పెట్టేవాళ్లు పైరూపం చూస్తారు. చుట్టరికం తేలాలంటే ఒళ్లంతా తడిమి చూడాలి.

[తెర మీద: పాలు, వెంట్రుక, చెవి బొమ్మలు]

ఈ జంతువులన్నీ చేరే క్షీరదాల గుంపుకి 1758లో 'మమేలియా' అని పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్. రొమ్ము అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి తీసుకున్నాడు. మన 'క్షీరదం' అంటే పాలిచ్చేది. రెండు పేర్లూ పట్టుకున్నది ఒకటే గుర్తు. రెండోది వెంట్రుక. నున్నగా మెరిసే డాల్ఫిన్ పిల్లకి కూడా పుట్టేటప్పుడు మూతి మీద నాలుగు వెంట్రుకలుంటాయి. మూడోది బయటికి కనపడదు: చెవి లోపల మూడు బుల్లి ఎముకలు. బల్లికి ఒక్కటే. మిగతా రెండూ ఎక్కడివంటే, కోట్ల ఏళ్ల కిందటి మన పూర్వీకుల దవడ కీలులో ఉన్నవే. నమలడానికి పనికొచ్చిన ఎముకలు వినడానికి వచ్చి చేరాయి. నాకైతే పాల కంటే ఇదే పెద్ద వింత.

ఇక పిల్లను కనే తీరును బట్టి వీటిలో మూడు దారులు.

[తెర మీద: ప్లాటిపస్ ఈదుతూ]

మొదటి దారిలో గుడ్లు పెడతాయి. ఇప్పుడు మిగిలినవి ఐదే జాతులు: ప్లాటిపస్ ఒకటి, ఒంటి మీద ముళ్లుండే ఎకిడ్నాలు నాలుగు. బాతు మూతి, బీవర్ అనే నీటి జంతువుకున్నలాంటి చదును తోక ఉన్న ప్లాటిపస్ చర్మం లండన్ చేరినప్పుడు, 1799లో దాన్ని వర్ణించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త జార్జ్ షా ఎవరో రెండు జంతువులను కలిపి కుట్టారేమోనని అనుమానపడ్డాడు. అది నిజంగా గుడ్డు పెడుతుందని తేలడానికి 1884 దాకా పట్టింది. శాస్త్రవేత్త విలియం కాల్డ్‌వెల్ ఆస్ట్రేలియా నుంచి టెలిగ్రాం కొట్టి ఆ సంగతి చెప్పాడు. మరి పాలో? ఇస్తుంది, కానీ చనుమొనలు లేవు. పొట్ట మీద చర్మంలోంచి చెమటలా ఊరి బొచ్చు తడుస్తుంది, పిల్లలు ఆ బొచ్చును నాకుతాయి.

రెండో దారి సంచి జంతువులది. ఎర్ర కంగారూ కడుపులో పిల్ల ఉండేది 33 రోజులే. పుట్టినప్పుడు ఒక గ్రాము బరువు కూడా ఉండదు, చిక్కుడు గింజంత. కళ్లు తెరవని ఆ పిల్ల ముందు కాళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని, తనంతట తానే సంచిలోకి పాకి చనుమొన నోట కరుచుకుంటుంది. ఆస్ట్రేలియా బాండికూట్ సంచి మూతి వెనక్కి ఉంటుంది. మూతి ముందుకుంటే, తల్లి తవ్వే మట్టితో సంచి నిండిపోదూ మరి!

[తెర మీద: పశువుల కొట్టం, రాత్రి, లాంతరు వెలుగు]

మూడో దారి మనకు ఇంట్లో తెలిసిందే. మా ఊళ్లో గేదె ఈనిందంటే దూడ పడగానే ఎవరూ నిద్రకు పోరు. 'మాయ' పడాలి. అది పడేదాకా కుక్కలను తోలుతూ కొట్టంలోనే కూర్చుంటారు. తల్లి రక్తంలోంచి కడుపులోని పిల్లకి తిండీ గాలీ అందించేది ఆ మాయే. అది ఉండబట్టే ఏనుగు 22 నెలలు మోయగలుగుతోంది.

అయితే గేదె మాయకి ఒక లోటుంది. మనిషి మాయలా రోగాలను అడ్డుకునే ప్రతిరక్షకాలను దూడకి దాటనివ్వదు. అవన్నీ జున్నుపాలలోనే రావాలి. దూడ పేగు వాటిని పీల్చుకునేది సుమారు మొదటి రోజంతే, ఆ తర్వాత ఆ తలుపు మూసుకుంటుంది. కాబట్టి బెల్లం, మిరియాలు వేసి జున్ను వండుకునేముందు దూడ కడుపు నిండిందో లేదో చూడండి.

[తెర మీద: ఒక్కొక్క జంతువు, కింద దాని పేరు]

నేడున్న క్షీరదాల్లో చాలా పెద్ద వాటా ఈ మూడో దారిదే. జాతుల లెక్కలో నూటికి నలభై ఎలుకలూ ఉడుతల వంటి కొరికే జంతువులు. ముళ్ల ఏదుపంది కూడా వాటిలోదే, పందుల్లోది కాదు. తర్వాతి స్థానం గబ్బిలాలది, 1,400 జాతులకు పైనే. శేషాచలం అడవుల్లోని దేవాంగపిల్లి కోతికి చుట్టం. తిరుమలలో వేంకటేశ్వరుడికి తైలం ఇచ్చే పునుగుపిల్లి పిల్లుల కుటుంబంలోది కాదు, దూరపు బంధువు. నీటికుక్క కుక్క కాదు. సముద్రపు ఆవుకి దగ్గరి చుట్టం ఏనుగు, తిమింగలానికి నీటిగుర్రం.

[తెర మీద: ముడుచుకున్న అలుగు, నెమ్మదిగా విప్పుకుంటూ]

చివరగా నల్లమల అలుగు. ఒంటి నిండా పొలుసులు చూసి పాముల జట్టులో కలిపేస్తారు. ఆ పొలుసులు మన గోళ్లలో ఉండే కెరటిన్‌వే. బంతిలా చుట్టుకున్న ఆ ఒళ్లు విప్పుకునేదాకా ఆగి చూడండి. పొట్ట కింద పొలుసుల్లేవు, పల్చని వెంట్రుకలున్నాయి, వాటి మధ్య పిల్ల పాలు తాగుతోంది.