టిన్ను నీళ్లు తాగేవాళ్లకే కిడ్నీ జబ్బు ఎక్కువట!

(ప్రజారోగ్యం పీజీ విద్యార్థుల ప్రాజెక్టు సందేహాలపై ఫోన్-ఇన్ కార్యక్రమం. సమాధానాలు చెబుతున్నవారు కమ్యూనిటీ మెడిసిన్‌లో పనిచేసి రిటైరైన ప్రొఫెసర్.)

వ్యాఖ్యాత: మొదటి కాల్ పలాస నుంచి. చెప్పండి బాబూ, లైన్‌లో ఉన్నారు.

కాలర్: నమస్తే మేడమ్. నేను ఎంపీహెచ్ రెండో సంవత్సరం, ఎపిడెమియాలజీ. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ జబ్బు మీద నా ప్రాజెక్టు. వచ్చే నెలాఖరుకి సబ్మిట్ చేయాలి. రిజల్ట్స్ చూశాక రెండు రోజులుగా నిద్ర లేదండి.

ప్రొఫెసర్: ఏమొచ్చింది నాయనా?

కాలర్: టిన్ను నీళ్లు కొనుక్కునేవాళ్లలోనే జబ్బు ఎక్కువ కనిపిస్తోంది. బోరు నీళ్లు తాగేవాళ్లలో తక్కువ. ఓడ్స్ రేషియో రెండు దాటింది, అంటే జబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ ఉన్న నిష్పత్తి టిన్ను నీళ్లవాళ్లలో రెట్టింపు పైనే. ఇది చూపిస్తే గైడ్ గారు నవ్వుతారు. మా ఊళ్లో చెబితే తంతారు.

ప్రొఫెసర్: (నవ్వుతూ) తన్నరులే. నీళ్ల గురించి ఫారంలో ఏమని అడిగావో ఉన్నది ఉన్నట్టు చదువు.

కాలర్: ‘మీరు తాగే నీరు ఎక్కడిది?’ అని. కింద నాలుగు ఆప్షన్లు.

ప్రొఫెసర్: ఇప్పుడు తాగేదా, పదేళ్ల కిందట తాగిందా?

కాలర్: ...ఇప్పటిదే మేడమ్.

ప్రొఫెసర్: మరి మీ ఊళ్లో ఒకరికి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ సరిగా వడకట్టడం లేదని తెలిసిందనుకో. ఆ ఇంట్లో ముందు మారేదేమిటి?

కాలర్: నీళ్లేనండి. టిన్ను వేయించుకుంటారు... అయ్యో!

ప్రొఫెసర్: అదీ సంగతి. ఏది ముందు, ఏది వెనక అన్నది నీ ఫారానికి తెలీదు. పైగా అక్కడ 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నీళ్ల పథకం కూడా మొదలైంది కదా. ‘ఇప్పటి నీళ్లు’ అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో చరిత్ర. ‘ఎప్పటి నుంచి, అంతకుముందు ఏవి’ అన్న చిన్న ప్రశ్న ఒక్కటి ఉంటే బతికిపోయేవాడివి.

కాలర్: ఆ టేబుల్ తీసేయమంటారా?

ప్రొఫెసర్: తీయకు. దాచిన టేబుల్ వైవాలో ఎలాగూ బయటపడుతుంది. ఉంచి, దాని కిందే ఇప్పుడు నువ్వు నాతో అన్నమాట రాయి: జబ్బు తెలిశాక జనం నీళ్లు మార్చుకుంటున్నారు, అందుకని దీన్నుంచి కారణం చెప్పలేం అని. నా లెక్కలో అది నీ థీసిస్‌లో బాగుండే పేజీ అవుతుంది. సరే, క్రియాటినిన్ ఎన్నిసార్లు చేయించావు?

కాలర్: ఒక్కసారేనండి. దాన్నుంచి కట్టే కిడ్నీ వడపోత అంచనా, ఇ.జి.ఎఫ్.ఆర్., 60 కన్నా తగ్గితే జబ్బు కింద లెక్కేశాను.

ప్రొఫెసర్: ‘దీర్ఘకాలిక’ అని పేరు పెట్టాలంటే ఆ తేడా కనీసం మూడు నెలలు ఉండాలి కదా! ఎండలో జీడితోటలో పొద్దంతా పనిచేసి, నీళ్లు సరిగా తాగనివాడికి ఆ ఒక్కరోజు తేడా రావచ్చు. టైటిల్ మార్చేయి. ‘ఒకసారి పరీక్షలో మూత్రపిండాల పనితీరు తగ్గినట్టు కనిపించినవారు’ అని. గైడ్ ఒప్పుకుంటారు, నేను ఎగ్జామినర్ని అయినా ఒప్పుకుంటాను.

కాలర్: ఇంకొకటి మేడమ్. 400 మంది కావాలి, 312 దగ్గర ఆగిపోయాను.

ప్రొఫెసర్: 400 ఎలా వచ్చింది?

కాలర్: ఎంతమంది కావాలో చెప్పే ఫార్ములాతోనండి, 4పీక్యూ బై డి స్క్వేర్. పీ అంటే జబ్బు 20 శాతం అనుకుని, క్యూ మిగతా 80, డి అంటే అంచనాలో అటూ ఇటూ తేడా 4 శాతం పెట్టాను.

ప్రొఫెసర్: అయితే 312తో ఆ నాలుగు కాస్తా నాలుగున్నర అవుతుంది. అంతే. ఊళ్ల వారీగా తీశావు, ఒకే ఊరివాళ్లు చాలావరకు ఒకేలా ఉంటారు కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, అది పరిమితుల్లో రాయి. నాకు బెంగ అంకె మీద కాదు. ఆ దొరకని 88 మంది ఎవరు?

కాలర్: ఎక్కువ మంది మగవాళ్లండి. పదింటికి వెళ్తే తోటలకి వెళ్లిపోయి ఉంటారు. ఇంట్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు.

ప్రొఫెసర్: తోటల్లో పనిచేసేవాళ్లనే వదిలేసి ఉద్దానం లెక్క తీశావన్నమాట! సాయంత్రం ఆరు తర్వాత తలుపు తట్టడానికి ఇంకా టైముంది. అనుమతి గడువు ఉందో లేదో చూసుకుని, ఓ పది రోజులు ఆ ఇళ్లకే మళ్లీ వెళ్లు. కొత్త ఇళ్లు పట్టుకుని 400 నింపకు. ఇక కారణం సంగతంటావా, పెద్ద పెద్ద సంస్థలు ఇన్నేళ్లు చూసినా ఇదీ అని తేల్చలేదు. నీ ఒక్కడి నెత్తిన పడలేదులే ఆ బాధ్యత.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒక అమ్మగారు. చెప్పండమ్మా.

కాలర్: మా అమ్మాయి ఎపిడెమియాలజీ చదువుతోందండి. చర్మం డాక్టరే కదండీ?

ప్రొఫెసర్: కాదమ్మా. జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కగట్టే చదువు.

కాలర్: మరి అందరికీ చర్మం అనే చెప్పేశానే! పోన్లెండి. రాత్రిళ్లు కంప్యూటర్ ముందు ఏడుస్తోంది.

ప్రొఫెసర్: డేటా క్లీనింగ్ అయ్యుంటుంది. వయసు 250 అని ఎక్కించి ఉంటారు, దాన్ని వెతకాలి. టీ పెట్టివ్వండి, ఎంతవరకు వచ్చిందని మాత్రం అడక్కండి.

వ్యాఖ్యాత: చివరి కాల్, కరీంనగర్.

కాలర్: నమస్కారం మేడమ్. నేను ఉద్యోగం చేస్తూ చదువుతున్న. గర్భిణుల్లో రక్తహీనత మీద ప్రాజెక్టు. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ లెటర్ లేటయితుందని 60 మందిని ముందే ఇంటర్వ్యూ చేసిన. లెటర్ నిన్న వచ్చింది. ఫారాల మీద తేదీలు మారిస్తే...

ప్రొఫెసర్: అమ్మా, ఆ మాట అక్కడే ఆపండి. తేదీ మార్చారంటే అది ఇక పొరపాటు కాదు, దొంగపని. జరిగిపోయిన దానికి కమిటీ వెనక తేదీతో అనుమతి ఇవ్వదు. ఆ 60 మంది మీ లెక్కలో ఉండరు.

కాలర్: రెండు నెలల కష్టం మేడమ్.

ప్రొఫెసర్: తెలుసమ్మా. రేపే గైడ్‌కి చెప్పి, కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫారాలు ఏం చేయాలో వాళ్లే చెబుతారు. అంతదాకా చింపకండి. ఇంతకీ ఆ 60 మందిలో హిమోగ్లోబిన్ బాగా తక్కువున్నవాళ్లు ఎవరైనా కనిపించారా?

కాలర్: ఇద్దరున్నరు. ఒకామెకు 6.2.

ప్రొఫెసర్: ఆసుపత్రికి పంపారా?

కాలర్: చెప్పిన... పోయిందో లేదో అడగలే.

ప్రొఫెసర్: ఫోన్ పెట్టేయండి. ముందు ఆమెకి చేయండి.