సీటు బెల్టు చివర బురద గీత

బావమరిది: శ్రోతలందరికీ నమస్కారం. వరద నీటిలో మునిగిన పాత స్పోర్ట్స్ కారుకు బీమా సంస్థ మొదట చెప్పిన మొత్తం మనకు నచ్చనప్పుడు, దానికి రాతపూర్వకంగా ఎలా జవాబివ్వాలన్నది నేటి విషయం. ఆ కారు నాదేనని, మూడు వారాలుగా నాకు నిద్ర లేదని క్రితం ఎపిసోడ్ విన్నవారికి మళ్ళీ చెప్పనక్కరలేదు.

బావ: నేను అమ్మకుండా అట్టిపెట్టుకున్న గొడుగు సంగతి కూడా చెప్పనక్కరలేదు.

బావమరిది: గొడుగు మాట ఎత్తకూడదని మనం ఒప్పందం చేసుకున్నాం, బావగారూ.

బావ: సరే, ఎత్తను. కానీ మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న. కార్పెట్ ఎత్తి చూశావా?

బావమరిది: ఉత్తరం సంగతి చూద్దాం. సంస్థ వారు మొదట చెప్పిన అంకె చూసి నాకు నోట మాట రాలేదు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే, కారు వయసును బట్టి తరుగుదల లెక్క వేశామని చెప్పారు.

బావ: అక్కడే పట్టుకోవాలి. కారు ఏటేటా విలువ కోల్పోతూనే ఉంటుందన్న నమ్మకం మీద ఆ తరుగుదల పట్టిక తయారవుతుంది. రోజువారీ కార్ల విషయంలో అది చాలావరకు నిజమే. నీ దగ్గరున్నది 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5. 1.6 లీటర్ల ఇంజను, బటన్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. అటువంటి కార్ల ధర ఒక దశ వరకు పడిపోయి, అడుగు తాకిన తరువాత బాగా చూసుకున్నవాటికి మళ్ళీ పెరగడం మొదలవుతుంది. పట్టికకు కిందికి దిగడమే తెలుసు. అందువల్ల నీ వాదన పట్టిక తప్పని కాదు, ఈ కారుకు ఆ పట్టిక వర్తించదని.

బావమరిది: వారు మరో మాట కూడా అన్నారు. 2016 నాటికే ఈ కార్లు పది లక్షలు తయారయ్యాయి కదా, ఇది అరుదైనది ఎలా అవుతుందని అడిగారు.

బావ: పది లక్షలు నిజమే, కానీ అది అన్ని తరాలూ కలిపిన లెక్క. లేచే హెడ్‌లైట్లున్న తరం తయారీ 1997తో ముగిసింది. నీ కారును దాని తరంలోని కార్లతోనే, అందులోనూ దానిలాగే చూసుకున్నవాటితోనే పోల్చాలి. ఉత్తరంలో ఇది రెండు వాక్యాలు చాలు. దానికి జతగా, వరదకు ముందు తీసిన ఫొటోలు, సర్వీసు బిల్లులు, ఇటీవల అమ్ముడైన ఇటువంటి కార్ల వివరాలు పెట్టాలి. అమ్మకానికి పెట్టిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. మొదటిదాన్ని చూపిస్తే అవతలివారు చిరునవ్వు నవ్వి పక్కన పెడతారు.

బావమరిది: అంతేనా? ఉత్తరం గురించే ఎపిసోడ్ అని ప్రకటించాం.

బావ: అంతే. అరపేజీ చాలు. కోపాన్ని ఫోనులో చూపించు, ఉత్తరంలో చూపించకు. నష్టం జరగడానికి ముందు క్షణంలో కారు విలువ ఎంత ఉందో అంత చెల్లించడమే మామూలు పాలసీ బాధ్యత. నీ ప్రేమకు విలువ కట్టమని ఏ పాలసీలోనూ లేదు. అగ్రీడ్ వాల్యూ పాలసీ తీసుకుని ఉంటే ఈ వాదనే ఉండేది కాదు. టోటల్ లాస్, అంటే బాగుచేయించడం గిట్టనంత నష్టం అయితే ఎంత ఇవ్వాలో ముందే రాసుకుని ఉండేవారు.

బావమరిది: అది నాకు ఇంతకు ముందే పద్నాలుగు సార్లు చెప్పారు.

బావ: పదిహేనోసారి శ్రోతల కోసం చెప్పాను.

బావమరిది: సరే, అసలు మాటకొస్తాను. డబ్బు తీసుకుని కారును వారికి వదిలేయను. సాల్వేజ్ విలువ, అంటే పాడైన కారుకు ఇంకా మిగిలిన ధర, మినహాయించుకుని కారును నా దగ్గరే ఉంచమని అడగాలనుకుంటున్నాను.

బావ: (నిట్టూర్పు) నాకు తెలుసు. నువ్వు ఈ మాట అంటావని మీ అక్క కూడా చెప్పింది.

బావమరిది: అందులో తప్పేముంది? ఇంజను తిరుగుతుంది, బాడీలో ఒక్క సొట్ట లేదు, నీరు సీటు అంచు వరకే వచ్చింది.

బావ: దీనికి ఇంకో లెక్క ఉంది, విను. నువ్వు ఉత్తరంలో ఈ కారు ఎంత అపురూపమైనదో నిరూపించావు. అయితే దాని గేర్‌బాక్సు, లైట్ల మోటార్లు, తలుపులు, గట్టి టాపు కూడా అపురూపమైనవే కదా? అందుకే మునిగినా ఈ కారుకు సాల్వేజ్ విలువ ఎక్కువని సంస్థ వారు అంటారు. మొదటి అంకెను నువ్వు ఎంత పైకి లాగితే, మినహాయించే అంకె కూడా దాని వెంటే పైకి వస్తుంది. కారును ఉంచుకోవాలనుకునేవారు మొదటి అంకె మీదే పోట్లాడి, రెండో అంకెను చదవకుండానే సంతకం పెడతారు.

బావమరిది: అంటే నా వాదన నన్నే కొడుతుందా?

బావ: కొట్టకుండా ఉండే దారి ఒకటుంది. అపురూపమైన కారు వేరు, బురద తాగిన కారు వేరు అని చూపించాలి. ఆ సాల్వేజ్ అంకె పాడైన కార్లు కొనేవారిలో ఎవరి బిడ్ నుంచి వచ్చిందో, ఆ బిడ్ వేసినవారు కార్పెట్ ఎత్తి చూశారో లేదో రాతపూర్వకంగా అడుగు. పైకి శుభ్రంగా కనిపించే కారుకు ఎక్కువ బిడ్ వస్తుంది. కార్పెట్ కింద స్పాంజిలో ఇంకా నీరుందని, కనెక్టర్ల పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు మొదలైందని ఫొటోతో చూపిస్తే ఆ అంకె దిగుతుంది.

బావమరిది: బావగారూ...

బావ: ఏమైంది?

బావమరిది: నేను కారును కడిగేశాను. లోపల కూడా. తలుపుల మీది బురద గీతను సబ్బు నీటితో తుడిచాను.

బావ: ఫొటోలు తీశావా?

బావమరిది: రెండు తీశాను. రెండూ బయటి నుంచే.

బావ: నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చే ముందా, వచ్చిన తరువాతా?

బావమరిది: ముందే. దాన్ని అలా చూస్తూ ఉండలేకపోయాను. ఆ గీత డ్యాష్‌బోర్డు వైపుకు ఒక వేలంత వాలుగా ఉంది, ఎక్కడికి వెళ్ళినా కళ్ళ ముందే ఉండేది.

(కొంతసేపు నిశ్శబ్దం)

బావ: సరే. నేను సర్వేయరుగా చేసిన రోజుల్లో ఇలా కడిగి తెచ్చిన కార్లు ఎన్నో చూశాను. అందరూ మోసం చేయడానికి కడగరు. నష్టం పెరగకుండా ఆరబెట్టడం పాలసీదారు బాధ్యతే, దానికి ఎవరూ తప్పు పట్టరు. కానీ తుడవడానికి ముందు ఫొటో తీయాలి. ఇప్పుడు ఒక పని చెయ్యి. డ్రైవరు సీటు బెల్టును చివరి వరకు, ఇక రానంతవరకు బయటకు లాగు. అంత దాకా ఎవరూ లాగరు కాబట్టి అక్కడ ఎవరూ తుడవరు. నీరు రీలు వరకు చేరి ఉంటే బెల్టు మీద గోధుమ రంగు గీత దొరుకుతుంది. పక్కన కొలత టేపు పెట్టి, తేదీ కనిపించేలా ఫొటో తియ్యి.

బావమరిది: అది ఒక్కటీ చాలుతుందా?

బావ: ఒక్కటీ చాలదు. ఎయిర్ ఫిల్టరు తీసి చూడు, కాగితం మడతల్లో మట్టి ఉందేమో. ఆయిల్ డిప్‌స్టిక్ మీద నూనె పాల రంగుకు తిరిగిందేమో చూడు. ఈ కారుకు బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దాని కింద పళ్ళెంలో ఒండ్రు పేరుకుని ఉంటుంది. ఇంతకూ ఇంజను తిరుగుతుందన్నావు. నీకెలా తెలిసింది?

బావమరిది: తాళం తిప్పలేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టు దగ్గర రెంచితో చేత్తో తిప్పాను.

బావ: ఈ మూడు వారాల్లో నువ్వు చేసిన మంచి పని ఇదొక్కటే. సిలిండరులో నీరుంటే అది గాలిలా కుదించుకుపోదు. స్టార్టరు బలానికి పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ నష్టం వరదది కాదు, తాళం తిప్పినవారిదేనని సంస్థ వాదిస్తుంది.

బావమరిది: అయితే ఉంచుకోవడానికి ఒప్పుకున్నట్లేనా?

బావ: ఒప్పుకోలేదు. మొదటి తరం పోర్షె బాక్స్‌టర్ కారు ఒకటి ఇలాగే ఆరబెట్టి ఉంచుకున్న మనిషి నాకు తెలుసు. దానికి సరైన తాళాన్ని గుర్తుపట్టి ఇంజనును కదలనిచ్చే ఇమ్మొబిలైజర్ కంట్రోల్ యూనిట్ సీటు కిందే, నేలను ఆనుకుని ఉంటుంది. మొదటి నెలంతా బాగానే నడిచింది, తరువాత ఒక ఉదయం తాళాన్ని గుర్తుపట్టలేదు. అప్పటికి ఆయన పూర్తి, తుది పరిష్కారం అని రాసిన కాగితం మీద సంతకం పెట్టేశారు. ఆ ఒక్క వాక్యం తరువాత బయటపడిన నష్టానికి అడిగే దారి ఉండదు. పైగా చాలా చోట్ల రిజిస్ట్రేషను రికార్డులో సాల్వేజ్ అని ముద్ర పడుతుంది. తరువాత పాలసీ దొరకడమూ కష్టం, అమ్మడమూ కష్టం.

బావమరిది: నేను అమ్మను.

బావ: అందరూ అలాగే అంటారు.

బావమరిది: మీరు ఆ గొడుగు అమ్మారా?

బావ: (నవ్వు) ఒప్పందం తప్పింది నువ్వే, నేను కాదు.

బావమరిది: సరే. వారు ఉత్తరానికి జవాబివ్వకపోతే?

బావ: పాలసీలో విలువ నిర్ధారణ నిబంధన ఉందేమో చూడు. అటువంటి నిబంధన ఉంటే నువ్వొక మదింపుదారుని, వారొకరిని పెట్టుకుంటారు, ఇద్దరికీ కుదరకపోతే మూడో మనిషి తేలుస్తారు. దానికీ ఖర్చవుతుంది, కాబట్టి రెండు అంకెల మధ్య తేడా ఆ ఖర్చుకు మించి ఉంటేనే ఆ దారి పట్టాలి. వివాదం లేని మొత్తాన్ని ఈలోపు ఇవ్వమని అడుగు. ఇస్తే, నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నానని రాసి తీసుకో. ఇప్పుడు చెప్పు, కార్పెట్ ఎత్తావా?

బావమరిది: ఎత్తాను.

బావ: రెండు వైపులా?

బావమరిది: డ్రైవరు వైపు. రెండో వైపు బోల్టు తుప్పు పట్టి రాలేదు.

బావ: దాని కింద స్పాంజి?

బావమరిది: నొక్కితే నీరు వస్తోంది.

బావ: ఎక్కడికి వస్తోంది? పాత్ర పెట్టావా, ఫొటో తీశావా?

బావమరిది: ఇంకా లేదు. రేపు ఉదయం...

బావ: రేపు కాదు. రెంచి తీసుకురా, టార్చి నేను పట్టుకుంటాను. ఆ మైకు ఆపు.