బంకనేలకు ఆకులే మందు

అందరికీ నమస్కారం. పరిచయంలో నా గురించి కాస్త ఎక్కువే చెప్పారు, పోనివ్వండి. నాకిచ్చిన అంశం బంకనేలలో అడవి పూల పెంపకం.

"మాది బంకమట్టి, అడవి పూలు ఎక్కడ బతుకుతాయండీ?" అని అడుగుతుంటారు. బతుకుతాయి. ఆ మట్టిలో పోషకాలకు కొదవ లేదు, తేమకూ కొదవ లేదు. గాలే ఆడదు. రేణువులు 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నం కాబట్టి తడిస్తే అతుక్కుపోతాయి, నీరు నిలిచి దుంపలు కుళ్ళుతాయి.

వెంటనే ఎవరో ఒకరు ఇసుక కలపమంటారు. దయచేసి కలపకండి! కొద్దిపాటి ఇసుక పోస్తే నేల ఇంకా బిగుస్తుంది. గుణం కనిపించాలంటే సగానికి పైగా ఇసుకే ఉండాలి. జిప్సం అంటారా, సోడియం ఎక్కువైన చౌడు నేలకే అది పనికొచ్చేది.

అడవికి ఎరువు ఎవరు వేశారండీ? రాలిన ఆకులే కదా. ఇక్కడ నా కడుపుమంట కాస్త చెప్పుకోనివ్వండి. మా పక్కింటాయన ఆకులన్నీ ఊడ్చి తగలబెడతాడు, మర్నాడు ఎరువు బస్తా కొనుక్కొస్తాడు! ఆ ఆకులు నేను సంచుల్లో మోసుకొస్తుంటే నవ్వుతాడు. మీలో తగలబెట్టేవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు లెండి. ఈ ఒక్క ఏడాది ఆపండి, చాలు. తడిపి కుప్ప పోస్తే ఏడాది రెండేళ్ళలో నల్లగా, పొడిపొడిగా మాగుతాయి. మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి పైమట్టిలో కలపండి.

ఎప్పుడు కలపాలంటే, గుప్పెడు మట్టి పిసికి వేలితో నొక్కండి. పొడిగా విరిగితే సరే. రిబ్బన్‌లా సాగితే ఆ రోజు పార ముట్టుకోవద్దు. తడి బంకలో నున్నగా తవ్విన గుంత కుండలాంటిది, నీళ్ళు దిగవు. అందుకే మొక్కను చుట్టూ నేల కన్నా కాస్త ఎత్తులో నాటాలి.

వర్జీనియా బ్లూబెల్స్ అని అమెరికా అడవుల్లో పూసే నీలి పూలున్నాయి, అవి వసంతంలో చెట్ల నీడ చిక్కబడక ముందే పూసి, వేసవికల్లా పూర్తిగా మాయమవుతాయి. చచ్చిపోయాయని తవ్వేయకండి, వేరు కిందే ఉంటుంది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, మూడు రేకుల అడవి పువ్వు ట్రిలియం సంగతి ఒక్కటి చెప్పి దిగిపోతాను. గింజకు అంటుకున్న కొవ్వు ముక్క కోసం చీమలు దాన్ని మోసుకెళ్తాయి, అలా అది అడవంతా పాకుతుంది. కానీ గింజ నుంచి పువ్వు రావడానికి ఏడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కారుచౌకగా అమ్ముతున్నారంటే అడవిలో పీక్కొచ్చిందేమోనని అనుమానించండి. నర్సరీలో గింజ వేసి పెంచిందేనా అని గట్టిగా అడిగాకే కొనండి.