ఈ పేజీ తీయి నాయనా

వెనకున్నోళ్లకి వినపడుతోందా? సరే. మన తిరుపతిలో రీసెర్చ్ స్కాలర్లు ఇద్దరు ఎదురుపడితే మొదట అడిగేది "నీకెంత పర్సెంట్ వచ్చింది?" అనే, అదేదో షుగర్ రిపోర్టు అయినట్టు. పర్సెంట్ అంటే, కాపీ కొట్టామా అని చూడ్డానికి మన థీసిస్‌లో ఎంత భాగం ఇతరుల రాతలతో పోలి ఉందో సాఫ్ట్‌వేర్ తేల్చే లెక్క. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 40 దాకా అయితే ఆరు నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇవి మీకు నాకంటే బాగా కంఠతా వచ్చు.

కానీ ఇంగ్లీషు పుస్తకంలో రెండు పేజీలు తెలుగు చేసి పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్‌కి చాలాసార్లు దొరకదు. మాటలు మీవి, ఆలోచనా వరసా ఉదాహరణలూ ఇంకొకరివి. పేరు చెప్పకపోతే అదీ చౌర్యమే.

నా సంగతే చెప్తా. ఎంఫిల్‌లో తిరుమల శాసనాల మీద ఒక అధ్యాయం రాశాను. దేవస్థానం వాళ్లు అచ్చువేసిన శాసన సంపుటాలున్నాయి కదా, వాటిలో ఎక్కువ భాగం తమిళం, నాకొచ్చిన తమిళమేమో చిత్తూరులో వేలూరు బస్సు బోర్డు చదివేంత. మరెలా రాశానంటే, అంతకుముందెవరో చేసిన థీసిస్ ముందు పెట్టుకుని పాదసూచికలన్నీ సంపుటి, శాసనం నంబరు, పేజీతో సహా దించేశాను. వైవాలో ఎగ్జామినర్ గారు ఆ సంపుటి బల్లమీద పెట్టి "ఈ పేజీ తీయి నాయనా" అన్నారు. తీశాను. నేను రాసిన దీపం కైంకర్యం శాసనం అక్కడ లేదు. పాత థీసిస్‌లో టైపిస్టు 36ని 63 కొట్టాడు, నేనూ 63 అనే రాశాను. చెమటలు పట్టాయి. ఆయన కోప్పడనైనా లేదు, "తప్పు కూడా నీ సొంతం కాదే" అన్నారంతే.

ఆ థీసిస్ వాడుకోవడం తప్పు కాదు, "ఫలానా వారి పరిశోధనలో ఉదాహరించినది" అని ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది. "అలా రాస్తే మూలం చూడలేదని తెలిసిపోతుంది కదా సార్" అని మొన్నొక అమ్మాయి అడిగింది. తెలియాలనే కదమ్మా రాసేది! లేదంటే తమిళం వచ్చినవాళ్లు మన ఊళ్లో వీధికి పదిమంది, ఎవరిచేతనైనా చదివించుకో, చదివిపెట్టినవాళ్ల పేరూ వెయ్యి.

ఇంకొకటి, నోట్సు రాసుకునేటప్పుడే పుస్తకంలోని వాక్యానికి కొటేషన్ మార్కులు పెట్టి పక్కన పేజీ నంబరు వేసుకోండి, ఆరు నెలలు పోతే ఏది మీదో ఏది పుస్తకానిదో దేవుడికే తెలియాలి. నేనైతే పుస్తకం మాట ఎర్ర పెన్నుతో, నా మాట నీలం పెన్నుతో రాస్తా, చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి.

భోజనాలయ్యాక మీ అధ్యాయాలు తెచ్చుకోండి. పర్సెంట్ రిపోర్టు నాకొద్దు. ఏదో ఒక పాదసూచిక మీద వేలు పెడతా, లైబ్రరీకి పోయి ఆ పేజీ తెచ్చి చూపించండి.