ఎపిసోడ్ 41: ఆర్‌ఓ నీళ్ళతో బీరు, మధ్యలో కందిపప్పు

మాధవి: నమస్తే అండీ, మళ్ళీ టెక్సస్‌లోని మా శాన్ ఆంటోనియో వంటింట్లోంచే. ఇవాళ ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు ఆర్‌ఓ నీళ్ళు ఎలా వాడాలో మాట్లాడుకుందాం.

సురేశ్: వదినా, బకెట్ సంగతి మాత్రం ఎత్తకండి.

మాధవి: నేనెందుకు ఎత్తుతాను, నువ్వే ఎత్తుతావు. సరే, పొద్దున టీడీఎస్ మీటర్, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎన్ని పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) ఉన్నాయో చూపించేది, పెట్టి చూశాం. కుళాయి నీళ్ళు 310, ఆర్‌ఓ నీళ్ళు 14. ఈ ఊళ్ళో నీళ్ళు ఎక్కువగా ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే భూగర్భజలాల నుంచి వస్తాయి, అంటే సున్నపురాయి పొరల్లోంచి. మా పిడుగురాళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, టీ గిన్నె అడుగున తెల్లగా పెంకులా కట్టేది ఇక్కడా అదే.

సురేశ్: గోకితే గోరు విరిగేది.

మాధవి: అదే. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్ళలో నానబెట్టేటప్పుడు పీహెచ్ (పులుపు కొలత, తగ్గితే పులుపు ఎక్కువ) 5.2 నుంచి 5.6 దాకా ఉంటే పిండి చక్కగా చక్కెరవుతుంది. ఈ నీళ్ళలో బైకార్బొనేట్ ఆ పీహెచ్‌ని అంత కిందికి దిగనివ్వదు. నల్లగా వేయించిన మాల్ట్‌కి తనదే పులుపు ఉంటుంది కాబట్టి స్టౌట్ అనే నల్ల బీరు ఎలాగో గట్టెక్కుతుంది, డబ్లిన్‌లో నల్ల బీరు కుదిరింది అలాంటి నీళ్ళతోనే. లేత రంగు బీరుకి మాత్రం కష్టం. చెక్ దేశంలోని పిల్‌జెన్ ఊరి నీళ్ళు దాదాపు ఖనిజాల్లేని ఖాళీ నీళ్ళు, అందుకే అక్కడ ఆ బంగారు రంగు బీరు పుట్టింది.

సురేశ్: అయితే నేరుగా ఆర్‌ఓ పోసేస్తే పిల్‌జెన్ అయిపోతుందిగా?

మాధవి: అయిపోదు. మొదటిసారి నేనూ అలాగే పోశాను. ఈస్ట్ సరిగ్గా అడుక్కి దిగలేదు, బీరు మబ్బుగా ఉండిపోయింది, రుచి చప్పగా ఉంది. కాల్షియం కనీసం 50 పీపీఎం ఉండాలి. ఇప్పుడు 30 లీటర్లకు కాల్షియం క్లోరైడ్ 4 గ్రాములు, జిప్సం 3 గ్రాములు వేస్తున్నాను, కాల్షియం 60 దగ్గరికి వస్తుంది. క్లోరైడ్ మాల్ట్ రుచిని నిండుగా చేస్తుంది, జిప్సంలో సల్ఫేట్ హాప్స్ (బీరుకి చేదిచ్చే పూలు) చేదుని పదునుగా నిలబెడుతుంది. అంతా లేత మాల్టే అయితే కొంచెం లాక్టిక్ యాసిడ్ కూడా పడుతుంది, పీహెచ్ కొలుచుకుంటూ వెయ్యండి.

సురేశ్: 30 లీటర్ల ఆర్‌ఓ కోసం డ్రెయిన్‌లోకి ఎన్ని పోయాయో చెప్పండి.

మాధవి: మొదలుపెట్టావా.

సురేశ్: దాదాపు 90 లీటర్లు వదినా. ఒక లీటరుకి మూడు లీటర్లు. ఇక్కడ లాన్‌కి నీళ్ళు పెట్టడానికే రోజులు కేటాయించే ఊళ్ళో ఉన్నాం.

మాధవి: ఆ నీళ్ళతో గిన్నెలు కడగొచ్చు, బాత్‌రూమ్‌లో వాడొచ్చు. అయినా కందిపప్పుకి ఆర్‌ఓ కావాలంటే మాట్లాడవు, బీరుకనేసరికి లెక్కలొచ్చాయా?

సురేశ్: కందిపప్పు వేరు.

మాధవి: ఎలా వేరు? మా అమ్మ బోరు నీళ్ళలో పప్పు వేస్తే అయిదు విజిల్స్‌కీ గింజ గింజలాగే ఉండేది. నీళ్ళలో కాల్షియం పప్పులోని పెక్టిన్‌ని పట్టుకుని గట్టి చేస్తుంది, అది మెత్తబడదు. అందుకని పప్పుకి మాత్రం చెరువు నీళ్ళు బిందెతో విడిగా తెచ్చేది. వంటకి తగ్గ నీళ్ళు ఎంచుకోవడం మనకి ఎప్పటినుంచో ఉంది. బీరు కూడా వంటే.

సురేశ్: చెరువు నీళ్ళు తెస్తే మూడింతలు పారబోయలేదు కదా మీ అమ్మ.

మాధవి: అది నిజమే.

సురేశ్: నేను నల్గొండ వాణ్ణి. మీకు నేను చెప్పాలా? మా వీధిలో నడుము వంగిపోయి, తల ఎత్తి ఎదుటి మనిషి మొహం చూడలేని పెద్దమనిషి ఉండేవాడు. ముసలితనం అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది ఆయనకి నలభై రెండేళ్ళని. ఫ్లోరైడ్. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. మాకు ఆర్‌ఓ అంటే ప్రాణం నిలబెట్టే నీళ్ళు. దానికోసం ఇన్ని నీళ్ళు ఊరికే పారబోస్తుంటే నాకు కడుపులో తిప్పుతుంది.

మాధవి: ...ఆయన సంగతి ఎప్పుడూ చెప్పలేదు నువ్వు.

సురేశ్: ఎక్కడ చెప్తాను.

మాధవి: సరే విను. అన్నిటికీ పూర్తి ఆర్‌ఓ అక్కర్లేదు. ఆంబర్ ఏల్ లాంటి ఎర్రటి బీరుకి సగం కుళాయి, సగం ఆర్‌ఓ కలిపితే గట్టిదనం సగానికి దిగుతుంది, కాల్షియం కూడా కొంత మిగులుతుంది. కుళాయి నీళ్ళు కలిపితే క్లోరిన్‌ని విరిచే క్యాంప్‌డెన్ బిళ్ళ మాత్రం మర్చిపోవద్దు, లేదంటే క్లోరిన్ వల్ల మందుల వాసన వస్తుంది. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో, అంటే మాల్ట్ నుంచి ముందే తీసిన పాకం లేదా పొడితో, చేసేవాళ్ళకి ఉప్పులతో పనే లేదు, ఖనిజాలు ఎక్స్‌ట్రాక్ట్‌లోనే ఉంటాయి.

సురేశ్: షాపుల్లో మిషన్ దగ్గర పట్టుకునే నీళ్ళ గురించి చెప్పండి.

మాధవి: అవునవును. ఒకచోట ఆర్‌ఓ అని రాసి ఉంటే అయిదు క్యాన్లు పట్టుకొచ్చాను, ఇంటికొచ్చి మీటర్ పెడితే 140. లోపల నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ ఎప్పుడు మార్చారో ఏమో. ఉప్పుల లెక్క మొత్తం తప్పుతుంది. మీటర్ మనదే ఉండాలి, రాసి ఉన్నది నమ్మొద్దు.

సురేశ్: ఇప్పుడు ఆ బకెట్లో పట్టిన డ్రెయిన్ నీళ్ళు కొలుద్దాం.

మాధవి: బకెట్ నువ్వే ఎత్తావు, చూశావా? ఇటు తే. ఆగు, అంకె కుదురుకోనీ... 410. కుళాయి కన్నా వందే ఎక్కువ సురేశ్. మొక్కలకి పోయొచ్చు.

సురేశ్: కరివేపాకుకి మాత్రం వద్దు.

మాధవి: ఒక చెంబు పోసి చూద్దాం.

సురేశ్: మూడేళ్ళు పెంచాను వదినా దాన్ని, కుండీలో ఉప్పు కడుతుంది. వద్దన్నానా, బకెట్ ఇలా ఇవ్వండి.